రెప్ప కొలత

గతవారం మన డాక్టరమ్మను ఒక కంటి ముందు నిలబెట్టి, ఆ కన్ను ఆమెను రెప్ప వేయకుండా చూస్తుండగా కథ ఆపాను. రెప్ప వేయకుండా అన్నది అలంకారం కాదు, రోగం. ఆ కంటికి రెప్ప పడదు!

కొత్తగా వచ్చినవారి కోసం రెండు ముక్కలు. మన కథానాయికను ఊళ్లో అందరూ ముక్కు డాక్టరమ్మ అంటారు. ముక్కుసూటి మనిషి అని కాదు, ముక్కులు సూటిగా చేసే మనిషి అని. పదిహేనేళ్లు ముక్కులు చెక్కింది, వాలిన రెప్పలు ఎత్తింది, గడ్డం లేని గడ్డాలకు ఆకారం తెచ్చింది. నలభై మూడో ఏట, మొగుడితోనూ ఆడపడుచుతోనూ కలిసి నడిపే సొంత క్లినిక్‌లో కూర్చుని, "ఇక ముచ్చట కోతలు చాలు, అవసరమైన కోతలే కోస్తాను" అని లేచింది. లేచి, పెద్దాసుపత్రిలో కాలిన గాయాల వార్డులో, తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద శిష్యురాలిగా కూర్చుంది. కుర్రడాక్టర్లు చాటుగా 'మేకప్ మేడం' అన్నారు. ఆమె చాటుగా విన్నది. ఎదురుగా పని నేర్చుకుంది.

అక్కడ ఆమె సొంతంగా కత్తి పట్టిన మొదటి రోగి టైలరమ్మ. యాభై ఆరేళ్లు. ఆవిరి ఇస్త్రీ యంత్రం పగిలి ముఖం ఎడమపక్క, మెడ, చెవి కాలాయి. మచ్చ గట్టిపడి ఎడమకంటి కింది రెప్పను చెంపమీదకు లాగేసింది. డాక్టరమ్మ ఆ మచ్చ విడదీసి, కుడి చెవి వెనుక నుంచి చర్మం తెచ్చి అతికించింది. ఎంత అందంగా వచ్చిందంటే, పక్క వార్డు నర్సులు కూడా వచ్చి చూసి వెళ్లారు.

మూడు నెలల తరువాత టైలరమ్మ తిరిగి వచ్చింది. కళ్లు తెరుచుకునే వచ్చింది, ఎడమది మూసుకోవడం చేతకాక. అతికించిన చర్మం ముడుచుకుపోయి రెప్పను మళ్లీ కిందకు ఈడ్చింది. కళ్ల డాక్టరు లైటు వేసి చూసి, నల్లగుడ్డు మీద తెల్లటి పొర మొదలైందనీ, శుక్రవారం లోపల ఈ కంటికి మూత పడకపోతే చూపు దక్కుతుందని తాను చెప్పలేననీ రాసిచ్చాడు.

అక్కడ ఆపాం. ఇక సోమవారం.

*

ఆ వార్డులో సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు తప్పుల సభ జరుగుతుంది. గత వారం ఎవరి చేతుల్లో ఏం చెడిందో వాళ్లు లేచి చెప్పాలి. నియమం ఒక్కటే: వాక్యం 'నేను'తో మొదలవ్వాలి. ఒకసారి ఒక కుర్రడాక్టరు లేచి, "కుట్లు ఊడిపోయాయి సార్" అన్నాడట. "వాటంతట అవే ఊడి నడుచుకుంటూ పోయాయా? కాళ్లున్నాయా వాటికి?" అని పెద్దాయన అడిగితే, అతగాడు వారం రోజులు కాళ్లు లేనివాడిలా తిరిగాడు.

పెద్దాయన అంటే వార్డు అధిపతి. అరవై నాలుగేళ్ల మనిషి. 'ఉప్పుకాగితం' అని పిలుస్తారు. కర్రకు ఉప్పుకాగితం ఎలాగో, శిష్యులకు ఆయన అలాగ. రుద్దుతాడు, రుద్దుతాడు, చివరికి నున్నగా తేలతారు. మధ్యలో రాలే పొట్టు మాత్రం చాలా ఉంటుంది.

డాక్టరమ్మ లేచి నిలబడింది. గోడమీద ఫొటో పడింది. ఆపరేషను పూర్తయిన నిమిషంలో బల్ల మీద తీసిన ఫొటో.

"నేను," అని మొదలుపెట్టింది. "నేను ఈ రెప్పకు సరిగ్గా సరిపోయే చర్మం కొలిచి పెట్టాను. అదే తప్పు."

"సరిగ్గా పెడితే తప్పెలా అవుతుందమ్మా?" ఉప్పుకాగితం అమాయకంగా అడిగాడు. ఆయన అమాయకంగా అడిగితే అందరూ నోట్సు తీస్తారు.

"అతికించిన చర్మం నెలల తరబడి ముడుచుకుపోతూనే ఉంటుంది సార్. అది ముడుచుకున్నాక సరిపోవాలి గాని, పెట్టినప్పుడు సరిపోకూడదు. నేను పెట్టిన రోజుకే సరిపోయేలా చూశాను. ఫొటోకి సరిపోయేలా."

"అదీ! ఫొటో చూడండర్రా. రేపే పెళ్లిచూపులన్నట్టు లేదూ? కింది రెప్ప పైకెక్కి పై రెప్పమీద దుప్పటి కప్పినట్టు పడుండాలి. రెండూ కలిపి కుట్టేసి నెలన్నర ఉంచాలి. బల్ల మీద చూసినవాడు 'ఛీ, ఇదేం పని' అని మొహం తిప్పుకోవాలి. అప్పుడు ఆర్నెల్లకి బాగుంటుంది. నీ చేతికి పదిహేనేళ్లుగా పట్టిన జబ్బేంటో తెలుసా అమ్మాయ్? బల్ల దిగేసరికి బాగుండాలి అనే జబ్బు." ఆయన ఒక్క క్షణం ఆగి, తను కూడా లేచి నిలబడ్డాడు. "నేను ఆ రోజు సెలవులో ఉన్నాను. నేను కొలత చూడకుండా సరే అన్నాను. ఇది నా వాక్యం. రాసుకోండి."

ఆయన మళ్లీ డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"రెండోసారి ఎవరు చేస్తారు?"

"నేను."

"ఎంత కావాలి?"

"పోయినసారి ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తు పెట్టాను. ఈసారి పన్నెండు."

"చర్మం ఎక్కడిది? కుడి చెవి వెనుక ఉన్నది వాడేశావు. ఎడమ చెవి, మెడ కాలిపోయాయి. తొడ మీది చర్మం తెచ్చి రెప్పకు పెడితే, జరీ చీరకు గోనెపట్టా అంచు కుట్టినట్టుంటుంది. మరి?"

"కుడికంటి పై రెప్ప నుంచి."

బెంచీలు కిర్రుమన్నాయి. బాగున్న కన్ను! ఉన్న ఒక్క మంచి కన్ను!

"ఆ వయసులో రెప్ప చర్మం కాస్త వేలాడుతుంది సార్. ఆ వేలాడేది తీస్తే కంటికి నష్టం లేదు. లోకంలో అంత పల్చటి చర్మం ఇంకెక్కడా లేదు. రెప్పకు రెప్పే సరిపోతుంది. నేను పదిహేనేళ్లు చేసిందే అది. రోజుకు రెండు, ఒక్కోసారి మూడు. కోసేదాన్ని..." అంటూ ఆగింది. "కోసి, బుట్టలో వేసేదాన్ని."

"అంటే ఇన్నాళ్లూ బుట్టను అందగత్తెను చేశావన్నమాట," అన్నాడు ఉప్పుకాగితం. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. "వెళ్లి ఆవిడనే అడుగు. ఒప్పుకుంటే కత్తి నీదే. ఒప్పుకోకపోతే ఎవరిదీ కాదు."

*

టైలరమ్మది కిటికీ పక్క ఎనిమిదో మంచం. ఎడమకంటికి మందు పూసి, పైన పారదర్శకంగా ఒక మూత అంటించారు. ఆ మూత కింద కన్ను ఎర్రగా, అలసిపోయి, ఎటూ పోలేక కూర్చుంది. కుడి కంటితో ఆవిడ వార్డు కర్టెను అంచు కుడుతోంది. వచ్చిన రెండో రోజే, "ఈ అంచు ఎవరు కుట్టారు, చేతులతో కుట్టారా కాళ్లతో కుట్టారా" అని నర్సును నిలదీసి, సూదీ దారం తెప్పించుకుందట.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. డాక్టరమ్మ, టైలరమ్మ. ఇద్దరివీ కత్తెర బతుకులే, ఇద్దరిదీ కుట్టుపనే. ఒకరు కుట్టినది రోజూ ఉతికినా నిలవాలి. ఇంకొకరు కుట్టినది మూడు నెలలు నిలవలేదు.

"అమ్మా, మీ కన్ను ఇలా అవడానికి కారణం మీ ఒంటి తత్వం కాదు. నేను. పొరపాటు నాది."

సూది ఆగింది.

"నీదా?"

"నాదే. చర్మం ముడుచుకుంటుందని తెలిసీ, ఎక్కువ పెట్టకుండా, అందంగా కనబడాలని సరిపడా పెట్టాను."

టైలరమ్మ కర్టెను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"మూడు నెలల నుంచి మా ఆయన నేను పడుకున్నాక కంటిమీద తడిగుడ్డ వేసి, ఆరిపోయినప్పుడల్లా లేచి మళ్లీ తడుపుతున్నాడు. నా ఖర్మ అనుకున్నాను. నా ఒళ్లు మంచిది కాదనుకున్నాను. దేవుణ్ణి కూడా రెండు మాటలు అనేశాను. పాపం ఆయన్ని అనవసరంగా అన్నాను కదా, ఎవతెనో అనాల్సింది!"

"అనండి."

"అంటాను. నిన్ను అనక ఎవర్ని అంటాను? కొత్త గుడ్డ తడిపి ఆరేయకుండా కత్తెర పెట్టావు. మా షాపులో పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల కూడా మొదటి వారంలో చేయదు ఆ పని. కుట్టిన రోజు జాకెట్టు అద్దంలో బ్రహ్మాండం. ఒక్క ఉతుకు పడగానే ఊపిరాడదు. ఇంత చదువు చదివావు, ఒక్క ఉతుకు గురించి చెప్పలేదా నీకెవరూ?"

"చెప్పారు. చేతికి ఎక్కలేదు."

ఆ జవాబుకి టైలరమ్మ కుడికన్ను ఆమెను పైనుంచి కిందకు కొలిచింది. అబద్ధం ఎక్కడైనా ఉబ్బెత్తుగా ఉందా అని తడిమినట్టు.

"ఇప్పుడేం చేస్తావు?"

డాక్టరమ్మ చెప్పింది. దాచకుండా చెప్పింది. మచ్చ మళ్లీ కోయాలి, ఈసారి చాలా పెట్టాలి, రెప్పలు రెండూ నెలన్నర కుట్టేసి ఉంచాలి, చర్మం కుడి పై రెప్ప నుంచి తీయాలి. చివరి మాట వినగానే టైలరమ్మ చేయి తనంతట తానే లేచి కుడికన్నును కప్పేసింది.

"ఇదొక్కటే ఉంది నాకు. దీంతోనే సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఒకటి పాడుచేసి రెండోది ఇమ్మంటున్నావా?"

"ఆ పని నాకు వచ్చు అమ్మా. అది మాత్రం వచ్చు. వేలమందికి చేశాను."

"ఫొటోలు చూపిస్తావా?"

"కావాలంటే..."

"వద్దు. ఫొటోల్లో అందరూ అందగత్తెలే. నా రెప్ప కూడా ఫొటోలో బాగానే ఉందటగా!" టైలరమ్మ సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నువ్వు రెప్ప కోసి కుట్టిన మనిషిని తీసుకురా. నా వేళ్లతో తడిమి చూడాలి. కుట్టు లోపలివైపు ఎలా ఉందో వేళ్లకు తెలుస్తుంది. పనితనం చూడకుండా గుడ్డ ఎవరిస్తారమ్మా?"

*

ఇక్కడే మన డాక్టరమ్మకు తన వృత్తి ఎంత విచిత్రమైనదో తెలిసివచ్చింది. గుండె ఆపరేషను చేయించుకున్నవాడు చొక్కా విప్పి చూపిస్తాడు. మోకాలు మార్పించుకున్నవాడు నడిచి చూపిస్తాడు. రెప్పలు ఎత్తించుకున్నవాళ్లు మాత్రం, ఎత్తిన డాక్టరు ఎదురొస్తే అవే రెప్పలు దించుకుని వెళ్లిపోతారు. వేలమంది ఉన్నారు, ఒక్కరూ లేరు!

సోమవారం మధ్యాహ్నం తొమ్మిదిమందికి ఫోను చేసింది. నలుగురు ఎత్తలేదు. ముగ్గురు ఊళ్లో లేమన్నారు, ల్యాండు లైను ఎత్తి మరీ! ఎనిమిదో ఆవిడ, "రెప్పలా? నా రెప్పలు పుట్టుకతోనే ఇంతండీ" అంది, కోసిన మనిషితోనే. తొమ్మిదో ఆవిడ కాస్త జాలిగుండె. "మా కోడలి ఫొటో పంపమంటారా" అంది.

మిగిలింది ఒక్కరు. ఆ ఒక్కరు గుర్తొచ్చి డాక్టరమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తన మొగుడి అక్క. వరసకు వదిన, వ్యవహారానికి క్లినిక్ నిర్వాహకురాలు, స్వభావానికి ఆడపడుచు. ఆడదీ, పడుచూ అన్న రెండు మాటల్లో రెండోది నిలబెట్టుకోవడానికే ఆరేళ్ల కిందట మరదలి చేత రెప్పలు ఎత్తించుకుంది. ఇంట్లో ధ్యాన శిబిరమని చెప్పి, క్లినిక్ పై గదిలో పన్నెండు రోజులు ఉంది. దిగి వచ్చాక, "ఏం చేశావే, కళ్లు అంత కళగా ఉన్నాయి" అని బంధువులు చుట్టుముడితే, చెప్పడానికి ఏమీ తోచక "కళ్లు తిప్పే వ్యాయామం" అనేసింది. కుడికి ఇరవై, ఎడమకి ఇరవై, పైకి పది. ఆ రోజు నుంచీ బంధువర్గంలో పద్నాలుగుమంది ఆడవాళ్లు రోజూ ఉదయాన్నే గోడకేసి కళ్లు తిప్పుతున్నారు. ఒక పిన్నిగారు తిప్పీ తిప్పీ కళ్లు తిరిగి పడి, అది వ్యాయామం పనిచేస్తున్న లక్షణమని సంతోషించింది.

మంగళవారం పదకొండింటికి డాక్టరమ్మ తన పాత క్లినిక్ మెట్లెక్కింది. ఎదురుగదిలో నిలువుటద్దం, మెత్తటి కుర్చీలు, 'ముందు–తరువాత' ఆల్బమ్. మత్తు డాక్టరు, అంటే మొగుడు, లోపలినుంచి తొంగిచూసి, "వచ్చావా? ఉండటానికేనా?" అని ఆశగా అడిగాడు.

"అడగటానికి. అక్క ఉందా?"

"ఉంది. నేను లేను," అని ఆయన తలుపు వేసేసుకున్నాడు. ఇతరులకు మత్తిచ్చే మనిషి, అక్క ముందు మాత్రం తానే సొమ్మసిల్లుతాడు.

వదిన అంతా విన్నది. విని, బల్లమీద ఉన్న పెన్ను తీసి టోపీ పెట్టి, టోపీ తీసి, మళ్లీ పెట్టింది.

"నా కళ్లు తీసుకెళ్లి వార్డులో ప్రదర్శనకు పెడతావా మరదలా? టిక్కెట్టు కూడా పెట్టు. 'రండి, చూడండి, తడమండి.' ఆ వార్డులో నర్సమ్మలకు చుట్టాలుండరా? వాళ్లకు నోళ్లుండవా? సాయంత్రానికల్లా ఆ పద్నాలుగుమందికీ తెలుస్తుంది. మీ అన్నయ్యగారికి తెలుస్తుంది. ఆరేళ్లుగా నా పక్కన కూర్చుని ఆయన కూడా కళ్లు తిప్పుతున్నాడే!"

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుంది. "ఒక్క పది నిమిషాలు వదినా. ఆవిడ కన్ను పోతుంది."

"నువ్వు లేక క్లినిక్ పోతోంది. అది కనబడదా?" వదిన గొంతు తగ్గింది. తగ్గితేనే భయం. "సరే. వస్తాను. చూపిస్తాను. శుక్రవారం ఆ కోతేదో కోసుకో. సోమవారం నుంచి వచ్చి నీ కుర్చీలో కూర్చో. ఒప్పుకుంటావా?"

తలూపితే అయిపోయేది. శుక్రవారం గడిచాక చూసుకోవచ్చు. సోమవారానికి ఇంకా ఆరు రోజులున్నాయి, ఆరు రోజుల్లో మాట మార్చడం ఎంత సేపు?

"ఒప్పుకోను వదినా."

"ఆవిడ కన్ను పోతుందన్నావు?"

"పోకుండా చూస్తాను. నీ సాయం కావాలి, అందుకే వచ్చాను. కానీ రానని తెలిసీ వస్తానని చెప్పి నిన్ను తీసుకెళ్లను. ఇప్పటికే ఒకరికి తప్పుడు కొలత ఇచ్చాను. నీకూ ఇవ్వలేను."

"ముక్కు పొగరు!"

"చెక్కింది కాదు వదినా, పుట్టుకతో వచ్చింది."

డాక్టరమ్మ గుమ్మం దాకా వెళ్లాక వెనుక నుంచి వదిన అడిగింది. "ఆవిడకి... పొద్దున్న లేచేసరికి కంట్లో ఇసుక పోసినట్టుంటుందా?"

"ఉంటుంది."

"గాలి తగిలితే నీళ్లు కారతాయా?"

"ఆఁ."

వదిన పెన్ను టోపీ మళ్లీ తీసింది. డాక్టరమ్మ మెట్లు దిగింది. పదో మనిషి కూడా లేదు. ఇక టైలరమ్మ కాళ్లు పట్టుకోవాలో చేతులు పట్టుకోవాలో ఆలోచిస్తూ నడిచింది.

*

బుధవారం ఉదయం వార్డులో ఉప్పుకాగితం మంచం మంచానికీ తిరుగుతూ ఎనిమిదో మంచం దగ్గరకు వచ్చాడు. డాక్టరమ్మ ఆయన వెనుకే ఉంది. టైలరమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. "మనిషిని తెచ్చావా?" అంది. డాక్టరమ్మ నోరు తెరిచేలోగా, తలుపు దగ్గర ఎత్తు చెప్పుల చప్పుడు వినబడింది.

వదిన! పట్టుచీర కట్టుకుని, యుద్ధానికి వచ్చినట్టు వచ్చింది. ఎవరినీ పలకరించకుండా నర్సు చేతిలోంచి దూది లాక్కుని, నీళ్లలో ముంచి, కళ్ల చుట్టూ ఉన్న కాటుకా రంగులూ పరపరా తుడిచేసుకుంది. స్టూలు మీద కూర్చుని టైలరమ్మ వైపు ముఖం చాచింది.

"తడుముకో అమ్మా. త్వరగా. నాకు పనులున్నాయి."

టైలరమ్మ తొందరపడలేదు. చేతులు కడుక్కుంది. ఆరనిచ్చింది. బొటనవేలి కొసతో వదిన కుడి రెప్పను మడత వెంబడి ఆ చివరనుంచి ఈ చివరకు తడిమింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఎడమది కూడా. ఆవిడ పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"కుట్టు ఎక్కడుంది?"

"మడత లోపల," అంది డాక్టరమ్మ.

"లేదు. నా వేలికి తగల్లేదు. నలభై ఏళ్లుగా గుడ్డలో కుట్టు వెతికే వేలు ఇది." టైలరమ్మ తల ఊపింది. "చేయి మంచిదే. బుద్ధే అప్పుడప్పుడూ అద్దంలోకి పోతుంది." ఉప్పుకాగితం దగ్గినట్టు నవ్వాడు. డాక్టరమ్మ భుజాల మీది నుంచి ఏదో దిగింది.

"ఇప్పుడు కళ్లు మూసుకో అమ్మా," అంది టైలరమ్మ వదినతో. వదిన మూసుకుంది. "అలా గట్టిగా కాదు. నిద్రపోతున్నట్టు. మెల్లిగా."

వదిన ముఖంలో కండరం ఒకటి అదిరింది. కళ్లు మెల్లిగా మూసుకుంది. టైలరమ్మ తన ఒక్క కన్నూ దగ్గరగా తెచ్చి చూసింది. చూసి, వెనక్కి జరిగింది.

"ఎడమది పూర్తిగా మూతపడలేదు. దారప్పోగంత సందుంది."

డాక్టరమ్మ వంగింది. కాటుక లేని ఆ రెప్పల మధ్య సన్నటి తెల్లగీత. కన్ను లోపలినుంచి ఆమెనే చూస్తోంది. ఆరేళ్లు! ఆపరేషనైన నెల రోజులకు ఫొటోలు తీశారు, తెరిచిన కళ్లు ఒకటి, బిగించి మూసిన కళ్లు ఒకటి. మెల్లిగా మూసిన కళ్లు ఎవరూ తీయలేదు. నిద్రపోయే ముఖాన్ని ఆల్బమ్‌లో పెట్టుకునేవాళ్లెవరు?

"వదినా, ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ," అంది వదిన, కళ్లు తెరవకుండానే. "రోజూ చుక్కలు వేసుకుంటున్నాను. పడుకునేటప్పుడు టేపు. క్లినిక్ పేరు పోతుందని చెప్పలేదు. నీ పేరు పోతుందని కూడా అనుకో. నిన్న నువ్వు వెళ్లాక ఇసుక సంగతి ఆలోచిస్తే కూర్చోలేకపోయాను. నాకు దారప్పోగంత. ఈవిడకి కన్నంతా. ఎలా ఓర్చుకుంటోందో నాకు తప్ప ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?"

"నేను ఒక మిల్లీమీటరు ఎక్కువ కోశాను," అంది డాక్టరమ్మ.

"నేనే కదే అడిగింది. 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని."

"అడిగింది నువ్వు. కోసింది నేను." ఆమె చూపు వదిన కంటినుంచి టైలరమ్మ కంటికి, అక్కడినుంచి మళ్లీ వదిన కంటికి తిరిగింది. "అక్కడ ఎక్కువ తీశాను. ఇక్కడ తక్కువ పెట్టాను. రెండూ అద్దం కోసమే."

ఉప్పుకాగితం చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇక రుద్దడానికి ఏమీ మిగల్లేదనుకున్నాడో ఏమో.

డాక్టరమ్మ టైలరమ్మ మంచం పక్కన నిలబడింది. "చూశారు కదా అమ్మా. ఈ తప్పు మీ దగ్గర దాచలేదు, ఇప్పటిదాకా నాకే తెలియదు. మీరిప్పుడు వద్దంటే నేను అర్థం చేసుకుంటాను. కానీ వద్దనకండి. ఇప్పుడు నాకు రెండు వైపులా ఎంత తప్పవచ్చో తెలుసు. మీ కుడికన్ను మెల్లిగా మూతపడటం చూశాకే కత్తి పెడతాను. బల్ల మీద మీకు పూర్తి మత్తివ్వను, రెప్పకు మాత్రం తిమ్మిరి మందు ఇస్తాను, మెలకువగానే ఉంటారు. మూయండి అంటాను, మూస్తారు. మూతపడకపోతే ఆపేస్తాను."

టైలరమ్మ వదిన చేతిని ఒకసారి నొక్కి వదిలింది. ఆ తరువాత తన కుడికన్ను మూసుకుని, బొటనవేలితోనూ చూపుడువేలితోనూ పై రెప్ప చర్మం మెల్లిగా పట్టుకుంది. జాకెట్టు నడుము దగ్గర ఎంత లోపలికి తీసుకోవచ్చో చూసినట్టు. కొంచెం వదిలింది, కొంచెం పట్టింది, రెప్ప కదిపి చూసుకుంది, మళ్లీ కొంచెం వదిలింది.

"ఇంత. ఇంతవరకు తీస్తే నా కన్ను మూతపడుతుంది. దీనికి ఒక్క పోగు ఎక్కువైతే ఈ అమ్మగారి కన్ను అయినట్టే అవుతుంది. ఇంత మాత్రం తీసుకో. కొలువు."

డాక్టరమ్మ జేబులోంచి చిన్న ఇనుప స్కేలు తీసింది. టైలరమ్మ వేళ్ల మధ్యన ఉన్న మడత పక్కన ఆనించింది. చూసింది. స్కేలు తీసి మళ్లీ ఆనించింది.

"ఎంత?" కుడికన్ను మూసుకునే అడిగింది టైలరమ్మ.

"తొమ్మిది."

"కావాల్సింది?"

ఉప్పుకాగితం కిటికీలోంచి బయటకు చూశాడు.

"పన్నెండు," అంది డాక్టరమ్మ.

టైలరమ్మ వేళ్లు వదల్లేదు. "అయితే ఆ మూడూ ఎక్కణ్ణుంచి తెస్తావో శుక్రవారం పొద్దుటికల్లా వచ్చి నాకు చెప్పు," అంది. "చెప్తే ఆపరేషను ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేస్తాను. నా కంట్లోంచి మాత్రం తొమ్మిదే!"